సేనలు వెళ్లిన మర్నాడు జీతం ఎవరిస్తారు?

1753 చివర్లో దక్కను సుబేదారు సలాబత్ జంగ్ కోస్తాలోని నాలుగు సర్కార్లను ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం. మెచ్చి ఇచ్చిన బహుమతి కాదది. సలాబత్ జంగ్ గద్దెకు కాపలా కాస్తున్న ఫ్రెంచి పటాలానికి జీతాలు సరిగ్గా అందడం లేదు, ఆ జీతాల కింద ఈ సర్కార్ల శిస్తు జమకట్టారు. ఎక్కడో దక్కనులో ఒక నవాబు నిలబడటానికి ఇక్కడ గౌతమి, వశిష్ఠ పాయల మధ్య చెమటోడ్చిన రైతు కట్టిన శిస్తు ఆధారమైంది.

అయిదేళ్లు గడవకముందే ఆ ఏర్పాటు చెదిరిపోయింది. 1758లో కొత్త ఫ్రెంచి గవర్నరు లాలీ, మద్రాసు మీద దండెత్తడం కోసం బుస్సీని దక్షిణాదికి పిలిపించుకున్నాడు. సర్కార్లలో కాన్‌ఫ్లాన్స్ అనే అధికారి, కొద్ది సేన మిగిలారు. అంతకు ముందు సంవత్సరమే బొబ్బిలి కోట కూలింది, దాని వెంటే విజయనగరం రాజు విజయరామరాజు హత్య జరిగింది. బుస్సీ తీర్పుల మీద కడుపుమండి ఉన్న అతని వారసుడు ఆనంద గజపతి, ఫ్రెంచివారి చేతిలో ఉన్న విశాఖపట్నాన్ని పట్టుకుని ఇంగ్లీషువారికి కబురు పెట్టాడు. బెంగాలు నుంచి క్లైవ్ పంపిన కల్నల్ ఫోర్డ్ ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో కాన్‌ఫ్లాన్స్‌ను ఓడించాడు. ఆ గెలుపు తర్వాత కూడా ఫోర్డ్ సేన వెంటనే బందరు మీదికి కదలలేకపోయింది. ఖర్చులకిస్తానన్న సొమ్ము గజపతి ఇవ్వలేదు, ఇచ్చేదాకా ఫోర్డ్ ముందుకు కదలనన్నాడు. వారాలు ఆ పేచీలోనే పోయాయి. చివరికి 1759 ఏప్రిల్‌లో బందరు కోట ఇంగ్లీషువారి వశమైంది. మే 14న సలాబత్ జంగే ఫోర్డ్‌తో ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి సేన పదిహేను రోజుల్లో కృష్ణ దాటి వెళ్లిపోవాలి, వారికి మళ్లీ ఈ సీమలో చోటివ్వకూడదు.

సలాబత్ జంగ్ సంగతి ఏమైంది? 1762లో తమ్ముడు నిజాం అలీ అతణ్ణి దించి బీదరు కోటలో పెట్టాడు. మరుసటేడు అక్కడే ప్రాణం పోయింది. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం, ఆ రెండింటితో గోదావరి డెల్టా ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. ఒక విదేశీ సేన వెళ్లిన ఎనిమిదేళ్లలో దాని నీడన ఉన్న ప్రభువు పోయాడు, ఆ సేనను పోషించిన నేల ఇంకో విదేశీయుడికి దక్కింది.

పరాయి సేనలు వెనక్కి మళ్లిన చోట ఏమవుతుందన్న ప్రశ్నకు ప్రపంచంలో ఎక్కడెక్కడి ఉదాహరణలో వెతుకుతాం. గోదావరి జిల్లాలవాళ్లకు ఈ కథ ఇంటి గడపలోనే ఉంది, పైగా ఒకసారి కాదు, రెండుసార్లు నడిచింది. రెండోది యానాం. అది వేరేగా ముగిసింది. ఎందుకు వేరేగా ముగిసిందో తెలియాలంటే మధ్యలో మరికొన్ని దేశాలు తిరిగి రావాలి.

శాంతి ఒప్పందం వార్త వచ్చినప్పుడల్లా అందరి కళ్లూ తేదీ మీద ఉంటాయి. సేనలు ఎప్పటికి వెళ్తాయి? చివరి విమానం ఎప్పుడు లేస్తుంది? కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. సేన వెళ్లేటప్పుడు తుపాకులతో పాటు జీతాల పద్దు, పెట్రోలు, మందుగుండు, మరమ్మతు చేసే మనుషులు, ఒక్క మాటలో చెప్పాలంటే ఖజానా కూడా వెళ్లిపోతుంది. అక్కడి ప్రభుత్వం నిలిచేదీ పడేదీ తేల్చేది సాధారణంగా ఆ ఖజానాయే. సేన మీద నమ్మకం పెట్టుకుని పనిచేసిన మనుషులకు ఏం రాసిపెట్టారన్నది దాని వెంటే వచ్చే ప్రశ్న. ఒప్పందంలో ముందు చదవాల్సిన పేరాలు ఈ రెండే, పత్రికల్లో కనపడనివీ ఇవే.

వియత్నాం చూడండి. 1973 జనవరి 27న పారిస్‌లో సంతకాలయ్యాయి. 60 రోజుల్లో అమెరికా సేనలు వెళ్లాలన్నారు, మార్చి 29కి వెళ్లాయి. ఉత్తర వియత్నాం సైన్యం దక్షిణాన ఉన్నచోటే ఉండిపోయింది, దాన్ని వెనక్కి పొమ్మని ఒప్పందంలో ఒక్క వాక్యమూ లేదు. దక్షిణ వియత్నాం అధ్యక్షుడు థియూ ఇష్టం లేకుండానే సంతకానికి ఒప్పుకున్నాడు. ఉత్తరం మాట తప్పితే గట్టిగా దెబ్బకొడతామని నిక్సన్ రహస్యంగా రాసిన ఉత్తరాలే అతని ధైర్యం. ఆ ఉత్తరాలకు అమెరికా చట్టసభ ఆమోదం లేదు. ఆగస్టు 15 నుంచి ఇండోచైనాలో అమెరికా యుద్ధ చర్యలకు డబ్బు వాడకూడదని కాంగ్రెస్ చట్టం చేసింది. ఏడాది తిరిగేసరికి నిక్సనే గద్దె దిగాడు. 200 కోట్ల డాలర్లకు పైగా ఉన్న సైనిక సాయం 1975 ఆర్థిక సంవత్సరానికి 70 కోట్లకు పడిపోయింది. అదే కాలంలో చమురు ధర మూడు నాలుగు రెట్లు పెరిగింది. హెలికాప్టర్లలో తిరగడం, శత్రువు కనపడకముందే ఫిరంగులతో నేలను దున్నేయడం నేర్పి తయారుచేసిన సైన్యం అది. విడిభాగాలు లేక విమానాలు నేలమీద నిలిచిపోయాయి. అమెరికా స్థావరాల్లో వంటవాళ్లుగా, డ్రైవర్లుగా, గుమాస్తాలుగా బతికిన లక్షకు పైగా కుటుంబాలకు పొయ్యిలో పిల్లి లేచే రోజు రాలేదు. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఆ ప్రభుత్వం సాయం తగ్గడం వల్లే కూలిందని అనడం అన్యాయం. అవినీతి, ఊళ్లలో పునాది లేకపోవడం ముందునుంచీ ఉన్నవే. కానీ ఆ జబ్బులతోనే అది ఎన్నో ఏళ్లు బతికింది. పద్దు ఆగినప్పుడు బతకలేకపోయింది.

ఈ తేడాను ఇంకా స్పష్టంగా చూపేది అఫ్గానిస్తాన్. 1988 ఏప్రిల్ 14న జెనీవాలో అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ సంతకాలు చేశాయి. సోవియట్ యూనియన్, అమెరికా హామీదార్లు. పోరాడుతున్న ముజాహిదీన్‌లకు ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు. 1989 ఫిబ్రవరి 15న చివరి సోవియట్ దళం అమూ దర్యా వంతెన దాటింది. మాస్కో అండతో కాబూల్‌ను ఏలుతున్న నజీబుల్లా ప్రభుత్వం నెలల్లో పడుతుందని అందరూ లెక్కలు కట్టారు. పడలేదు. ఆ మార్చిలో జలాలాబాద్ మీద జరిగిన పెద్ద దాడిని కాబూల్ సైన్యం తనంతట తాను తిప్పికొట్టింది. మూడేళ్లు నిలబడింది. కాలువ కట్టేసిన రోజునే చేను ఎండదు, మట్టిలో తడి ఉన్నన్నాళ్లు పచ్చగానే కనిపిస్తుంది. నజీబుల్లా విషయంలో ఆ కాలువ ఇంకా పారుతూనే ఉంది. మాస్కో నుంచి ఆయుధాలు, గోధుమలు, ఇంధనం, నోట్ల కట్టలు వస్తూనే ఉన్నాయి. దోస్తుం లాంటి నాయకుల కూలి సేనలకు ఆ డబ్బే జీతం. 1992 జనవరి 1 నుంచి రెండు పక్షాలకూ ఆయుధాలు ఆపేద్దామని అమెరికా, సోవియట్‌లు ఒప్పుకున్నాయి. ఆ తేదీ వచ్చేసరికి సోవియట్ యూనియనే లేదు. కొద్ది వారాల్లో దోస్తుం ఎదురు తిరిగాడు, ఏప్రిల్‌కల్లా నజీబుల్లా ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో తలదాచుకున్నాడు. సేన వెళ్లినప్పుడు కూలని రాజ్యం, జీతం ఆగినప్పుడు కూలింది.

ఆ పాఠం కళ్లముందే ఉండగా 2020 ఫిబ్రవరి 29న దోహాలో ఇంకో కాగితం రాశారు. సంతకాలు అమెరికావి, తాలిబాన్‌వి. కాబూల్ ప్రభుత్వం అందులో లేదు. అయినా దాని జైళ్లలోని 5,000 మంది ఖైదీలను వదలాలని అందులో ఉంది. 14 నెలల్లో సైనికులతో పాటు కాంట్రాక్టర్లు కూడా వెళ్లాలి. అఫ్గాన్ వైమానిక దళం విమానాలకు మరమ్మతు చేసేది ఆ కాంట్రాక్టర్లే కాబట్టి, ఆ ఒక్క పదం వెయ్యి తుపాకులకంటే ఎక్కువ పనిచేసింది. దేశంలో ప్రభుత్వ ఖర్చులో దాదాపు 75 శాతం విదేశీ సాయం. జీతాలు నెలల తరబడి అందని పోస్టుల్లో సిపాయిలు ఎవరి కోసం ప్రాణం ఇస్తారు? 2021 ఆగస్టు 15న తాలిబాన్ కాబూల్‌లో దిగేసరికి చాలా జిల్లాలు తుపాకీ పేలకుండానే చేతులు మారాయి. ఆ తర్వాత అమెరికాలో ఉన్న సుమారు 700 కోట్ల డాలర్ల అఫ్గాన్ నిల్వలను స్తంభింపజేశారు. ఆసుపత్రిలో నర్సు, బడిలో పంతులు నెలల పాటు జీతం ముఖం చూడలేదు. ఆ శిక్ష ఎవరి మీద పడాలని వేశారో కానీ, పడింది మాత్రం వీళ్ల మీద.

సేన నీడలో పనిచేసిన మనుషుల మాటకొస్తే అల్జీరియాను మించిన విషాదం లేదు. 1962 మార్చి 18న ఫ్రాన్స్‌కూ, స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న అల్జీరియన్‌లకూ ఎవియాన్‌లో ఒప్పందం కుదిరింది. ఎవరి మీదా పగ సాధించకూడదని అందులో రాసుకున్నారు. ఫ్రెంచి సైన్యంలో సహాయ దళాలుగా పనిచేసిన అల్జీరియన్‌లను హర్కీలంటారు. వాళ్ల ఆయుధాలు తీసుకుని ఇళ్లకు పొమ్మన్నారు. ఫ్రాన్స్‌కు సొంతంగా తీసుకురావద్దని అధికారులకు పైనుంచి ఆదేశాలు. వేలల్లో, లెక్కలు వేరువేరుగా ఉన్నా పదుల వేలల్లోనే, వాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎలాగో ఒడ్డు చేరినవాళ్లను రివ్‌సాల్ట్ లాంటి శిబిరాల్లో ముళ్లకంచెల మధ్య ఉంచారు. 2021 సెప్టెంబరులో గానీ ఫ్రెంచి అధ్యక్షుడు మాక్రాన్ వాళ్లను క్షమాపణ కోరలేదు. ఒప్పందంలో మంచి వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని అమలు చేసే మనిషి మాత్రం ఏ ఊళ్లోనూ లేడు.

మనకు ఇంకా దగ్గరిది శ్రీలంక. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనే కొలంబోలో సంతకాలు చేశారు. ఎల్‌టీటీఈ సంతకం అందులో లేదు. ఆయుధాలు అప్పగింపచేయడానికి వెళ్లిన భారత శాంతి సేన మూడు నెలలు తిరక్కముందే వాళ్లతో యుద్ధంలో దిగింది. దాదాపు 1,200 మంది భారత సైనికులు తిరిగిరాలేదు. 1988 చివర్లో ఈశాన్య ప్రాంతీయ మండలికి ఎన్నికలు జరిపారు, ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ అనే మరో తమిళ సంస్థ నాయకుడు వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రి అయ్యాడు. కొత్త అధ్యక్షుడు ప్రేమదాస భారత సేనలను వెళ్లిపొమ్మన్నాడు, పైగా అదే సేనతో పోరాడుతున్న ఎల్‌టీటీఈకి తానే ఆయుధాలిప్పించాడు. 1989 సెప్టెంబరులో రెండు ప్రభుత్వాలూ ఉపసంహరణకు ఒప్పుకున్నాయి. సేన వెళ్లాక పెరుమాళ్ మండలికి కాపలా ఉండాలని హడావుడిగా తమిళ జాతీయ సైన్యం అనే దళాన్ని కూర్చారు. ఊళ్లలోంచి బడి పిల్లల వయసు కుర్రాళ్లను బలవంతంగా పట్టుకొచ్చి తుపాకులిచ్చారు. వాళ్లకు శిక్షణ అంతంతమాత్రం, పోరాడాలన్న ఇష్టం అసలే లేదు. శాంతి సేన ఒక్కో జిల్లా ఖాళీ చేస్తుంటే ఆ దళం కరిగిపోయింది, దాని ఆయుధాలు ఎల్‌టీటీఈకి చేరాయి. పెరుమాళ్ 1990 మార్చిలో భారతదేశానికి వచ్చేశాడు. ఆ నెల 24న చివరి ఓడ కదిలింది. జూన్‌లో తూర్పున వందలమంది పోలీసులను లొంగదీసుకుని చంపడంతో యుద్ధం మళ్లీ మొదలైంది, 2009 దాకా ముగియలేదు.

ఆ కుర్రాళ్ల గురించి మనదేశంలో చర్చ దాదాపు లేదు. శాంతి సేన చేసింది తప్పా ఒప్పా అని ఇప్పటికీ వాదించుకుంటాం, పోయిన సైనికులకు నివాళులిస్తాం, అది న్యాయమే. వెళ్లే ముందు ఎవరి చేతికి తుపాకీ ఇచ్చి నిలబెట్టి వచ్చామన్న ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

ఒకే ఒప్పందం కింద రెండు దేశాలు రెండు దారులు పట్టిన ఉదాహరణ కూడా ఉంది. 1988 డిసెంబరు 22న న్యూయార్క్‌లో అంగోలా, క్యూబా, దక్షిణాఫ్రికా సంతకాలు చేశాయి. అంగోలా నుంచి సుమారు 50,000 మంది క్యూబా సైనికులు, నమీబియా నుంచి దక్షిణాఫ్రికా సేనలు వెళ్లాలి. నమీబియాలో ఐక్యరాజ్యసమితి బృందం ఎన్నికలు జరిపించింది, 1990 మార్చి 21న దేశం స్వతంత్రమైంది. పాత ప్రభుత్వ ఉద్యోగులను తీసేయలేదు, వాళ్ల కొలువులు రాజ్యాంగమే నిలబెట్టింది. గెరిల్లాలనూ, వాళ్లతో పోరాడిన పాత దళాలనూ ఒకే సైన్యంలో కలిపారు. అంగోలాలో సావింబి నడిపే తిరుగుబాటు దళం యూనిటా ఆ ఒప్పందంలో భాగస్వామి కాదు. 1991లో విడిగా ఒక ఒప్పందం, 1992లో ఎన్నికలు అయ్యాయి. ఓడిపోయానని తెలియగానే సావింబి మళ్లీ అడవికి వెళ్లాడు. బయటి సాయం ఆగినా అతని చేతిలో వజ్రాల గనులున్నాయి. ప్రభుత్వం చేతిలో చమురుంది. ఎవరి జీతం పద్దు వాళ్లకు ఉన్నప్పుడు యుద్ధం ఎందుకు ఆగుతుంది? 2002 ఫిబ్రవరిలో సావింబి హతమయ్యేదాకా సాగింది.

నిలిచిన ఒప్పందాలు లేకపోలేదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆస్ట్రియాలో తిష్ఠవేసిన నాలుగు దేశాల సేనలు 1955 అక్టోబరుకల్లా వెళ్లాయి. ఆ దేశం సోవియట్‌లకు 15 కోట్ల డాలర్ల విలువైన సరుకు, పదేళ్లపాటు చమురు ఇచ్చుకుంది, తటస్థంగా ఉంటానని చట్టం చేసుకుంది. ధర ఎక్కువే. కానీ పదేళ్ల ముందునుంచే వియన్నాలో ఒకే ప్రభుత్వం ఉంది, దాని ఉద్యోగులు దాని పన్నులతోనే జీతాలు తీసుకునేవారు. సేనలు పోతే ఖాళీ అయ్యే కుర్చీ ఏదీ లేదు. సినాయ్ నుంచి ఇజ్రాయెల్ 1982 ఏప్రిల్ 25కి వైదొలగింది, ఈజిప్టు గట్టి రాజ్యం కాబట్టి దాన్ని అప్పగించుకోవడానికి చేతులున్నాయి. తాబా అనే చిన్న ముక్క మీద తగువు మిగిలితే మధ్యవర్తులకిచ్చారు, 1989లో అది ఈజిప్టుకు తిరిగొచ్చింది. తగువు మిగలకుండా ఏ ఒప్పందమూ ఉండదు, అది ఎక్కడికి పోవాలో ముందే రాసిపెట్టుకోవడమే తెలివి.

ఇప్పుడు యానాం. 1814 పారిస్ ఒప్పందంతో ఈ ఊరు తిరిగి ఫ్రెంచివారిదైంది గానీ కోట కట్టకూడదు, శాంతిభద్రతలకు సరిపడా మించి సైనికులను ఉంచకూడదు అన్న షరతు మీద. అందుచేత 1954 నాటికి అక్కడ పంపించడానికి పటాలమంటూ లేదు, కొద్దిమంది పోలీసులు తప్ప. అల్జీరియాతో యానాన్ని పోల్చడం ఈ కారణంగా న్యాయం కాదనవచ్చు. నిజమే, రక్తం ఆ స్థాయిలో పారలేదు కాబట్టి పగలూ ఆ స్థాయిలో లేవు. అయినా పరాయి పాలన నుంచి తప్పుకోవడంలో వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడా వచ్చాయి. ఫ్రెంచి కొలువులో ఉన్న గుమాస్తా ఏమవుతాడు? ఫ్రెంచి కోర్టులో గెలిచిన పొలం దావా చెల్లుతుందా? ఫ్రెంచి పౌరసత్వం ఉన్నవాడు ఎవరివాడు?

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో స్వచ్ఛంద సేవకులు యానాం పాలనను చేతుల్లోకి తీసుకున్నారు. అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో పుదుచ్చేరి, యానాం తదితర ఫ్రెంచి ప్రాంతాల ప్రజాప్రతినిధులు 178 మంది ఓటేస్తే 170 మంది భారత్‌లో కలవాలన్నారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. 1956 మే 28న ఢిల్లీలో రెండు ప్రభుత్వాలూ రాసుకున్న ఒప్పందం చదివితే, పెద్ద మాటలకంటే చిల్లర విషయాలే ఎక్కువ కనిపిస్తాయి. దాని బలం అక్కడే ఉంది. స్థానిక ఉద్యోగులకు జీతం, సెలవు, పెన్షన్ పాత షరతుల మీదే కొనసాగుతాయి. కోర్టు తీర్పులు చెల్లుతాయి. పాత పాలన బాధ్యతలను భారత ప్రభుత్వం నెత్తికెత్తుకుంటుంది. ఎన్నికైన ప్రతినిధులు వద్దనేదాకా ఫ్రెంచి అధికార భాషే. పౌరసత్వం ఎంచుకోవడానికి ఆరు నెలల గడువు.

ఈ ఒప్పందానికి ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం 1962 జులై దాకా రాలేదు. అల్జీరియా తేలేదాకా ఇంకో ముక్క వదులుతున్నామని చెప్పుకోవడానికి పారిస్‌లో ఏ ప్రభుత్వానికీ ధైర్యం చాలలేదు. 1962 ఆగస్టు 16న ఆ పత్రాలు చేతులు మారాయి. అంటే దాదాపు ఎనిమిదేళ్లు యానాం చట్టప్రకారం ఒక దేశానిది, పాలనలో ఇంకో దేశానిది. ఇంతటి సందిగ్ధంలో ఊరు అల్లకల్లోలం కావలసింది. కాలేదు, ఎందుకంటే బడిపంతులికి, పోస్టుమేనుకు నెల మొదట్లో జీతం వస్తూనే ఉంది, ఎవరి పెన్షనూ ఆగలేదు. ఈ ఎనిమిదేళ్ల మామూలుతనాన్ని చరిత్ర పుస్తకాలు రెండు వాక్యాల్లో దాటేస్తాయి. శాంతి చర్చలు జరిపే ప్రతివాళ్లూ కూర్చుని చదవాల్సింది నిజానికి దాన్నే.

ఆ ఒప్పందంలో ఇంకో షరతు ఉంది. ఈ ప్రాంతాలకు ప్రత్యేక పాలనా హోదా ఉంటుంది, దాన్ని మార్చాలంటే ముందు ప్రజల అభిప్రాయం తెలుసుకోవాలి. అన్ని వైపులా ఆంధ్ర ఉన్నా యానాం నేటికీ పుదుచ్చేరిలో భాగంగా ఉండటానికి మూలం అదే. 1979 జనవరిలో ఈ ప్రాంతాలను పక్క రాష్ట్రాల్లో కలిపేద్దామన్న ఆలోచన కేంద్రం నుంచి వచ్చినప్పుడు పుదుచ్చేరి భగ్గుమంది. వీధుల్లోకొచ్చిన జనం చేతిలో ఉన్న వాదం 23 ఏళ్ల కిందటి ఆ షరతు. కేంద్రం వెనక్కి తగ్గింది. సంతకం పెట్టిన రెండు ప్రభుత్వాల్లో ఒకటి ఎప్పుడో వెళ్లిపోయినా, ఆ వాక్యాన్ని పట్టుకుని అడిగేవాళ్లు ఊళ్లో మిగిలారు.